హాల్లో జలపాతం ఉన్న ఇంటిని ఎలా అమ్మాం

ఇళ్ల బ్రోకరు పనిలోకి కొత్తగా దిగినవాళ్లు కొందరు ప్రొద్దుటూరులో నన్ను వెతుక్కుంటూ వస్తుంటారు. కాఫీ తాగుతారు, ఎండల గురించి మాట్లాడతారు, చివరికి అసలు సంగతి అడుగుతారు: "కమీషన్ ఎంత అడగాల మామా?" అది నేను చెప్పనక్కర్లేదు. నెల తిరక్కముందే ఎవరికి వారికే తెలిసిపోతుంది. నేను చెప్పగలిగింది వేరే ఉంది. ఇరవై ఎనిమిదేళ్లు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్య బస్సుల్లోనూ ఆటోల్లోనూ, తర్వాత నా మోటారు సైకిలు మీదా తిరిగి ఇళ్లు అమ్మించాను. సాఫీగా జరిగిన బేరాలు ఒక్కటీ సరిగా గుర్తులేవు. పరువు పోయినవి మాత్రం వీధి పేరుతో సహా గుర్తున్నాయి. ఈ కాగితాల మీద రాస్తున్నది వాటి గురించే.

ఖాదర్ సాబు ఇల్లు చూసే పద్ధతి

నాకు పని నేర్పినవాడు ఖాదర్ సాబు. మొదట బేల్దారి. ఎన్నో ఇళ్లకు గోడలు లేపాడు. ఒకసారి పైనుంచి పడి నడుము దెబ్బతిన్నాక తాపీ వదిలేసి బ్రోకరు అయ్యాడు. ఆయనతో మొదటిసారి ఇల్లు చూడడానికి వెళ్లినరోజు నాకు సిగ్గుతో చెమటలు పట్టాయి. ఇంటాయన మమ్మల్ని హాల్లో కూర్చోబెట్టి షోకేసులోని బొమ్మలు చూపిస్తున్నాడు. ఖాదర్ సాబు లేచి నేరుగా బాత్‌రూములోకి పోయి, కుళాయి కింద బకెట్టు పెట్టి, అది నిండేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత ఆ నీళ్లన్నీ నేల మీద కుమ్మరించి ఎటు పోతాయో చూశాడు. ఎటూ పోలేదు. అక్కడే నిలిచాయి.

ఇంటాయనకు కోపం వచ్చింది. "ఏంది సాబూ, ఇల్లు సూడమంటే బాత్‌రూములో దూరితివి?"

"హాలు సుట్టాలకప్పా" అన్నాడు ఖాదర్ సాబు, పైజామా అంచు పిండుకుంటూ. "బాత్‌రూము ఇంట్లోవాళ్లకు. ఇల్లు కొనేది సుట్టాలు కాదు గదా."

ఇల్లు అమ్మాలనుకునేవాళ్లకు ఆయన చెప్పే పనులు నాలుగైదే. కారే కుళాయిలకు వాచర్లు మార్చండి. గడపకు తగులుకునే తలుపును చిత్రిక పట్టించండి. టేపు చుట్టిన స్విచ్చిబోర్డు తీసేసి కొత్తది పెట్టండి. మిద్దె ఊడ్చి, నీళ్లు పోయే తూము తెరవండి. ఇంట్లో సామాన్లు సగానికి సగం వేరే చోటికి పంపించండి, గదులు వాటంతటవే పెద్దవవుతాయి. పాత కడప బండల నేల ఉంటే దాని మీద టైల్సు పరచవద్దు, బాగా రుద్ది కడిగించండి. ఎండాకాలం వచ్చిన మనిషి చెప్పులు విడిచి దాని మీద కాలు పెట్టాడంటే, ఆ చల్లదనమే సగం బేరం మాట్లాడుతుంది.

విన్నవాళ్లు తక్కువ. ఇంత చిన్న పనులు చెప్పేవాడికి పెద్ద తెలివి ఉండదని చాలామంది నమ్మకం. మొదట్లో నేను కూడా అలాగే అనుకున్నాను.

జమ్మలమడుగు గోడ

నా మూడో సంవత్సరంలో జమ్మలమడుగులో ఒక ఇల్లు బేరానికి వచ్చింది. అంతా బాగుంది కానీ పడకగదిలో ఒక గోడ అడుగున నెమ్ము పట్టి పెచ్చులూడుతోంది. నేను ఇంటాయనను పక్కకు పిలిచి, "లప్పం పెట్టించి రంగు కొట్టించు, బీరువా దానికి ఆనించు" అని సలహా ఇచ్చాను. ఖాదర్ సాబుకు చెప్పలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. నడి వేసవిలో ఏసురత్నం అనే బడి పంతులు వచ్చి చూసి ఆ ఇల్లు కొన్నాడు. ఏళ్ల తరబడి అద్దె ఇళ్లలో ఉన్న మనిషి. రిజిస్ట్రేషన్ రోజున నా చేతులు రెండూ పట్టుకుని థాంక్స్ చెప్పాడు.

కార్తీకంలో వానలు పట్టాక ఒకనాడు ప్రొద్దుటూరులో మా ఆఫీసుకు వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, వెనకాల చొక్కా చేతులు పైకి మడుచుకున్న తమ్ముడు. ఏసురత్నం అరవలేదు. కవరు విప్పి, ఊడిన పెచ్చులన్నీ నా బల్ల మీద పోశాడు.

"ఇది నీదేనప్పా ఓబులేసూ. మా ఇంట్లో మర్చిపోయి వచ్చినట్టుండావు."

తమ్ముడు ముందుకు వచ్చాడు. ఖాదర్ సాబు అడ్డం నిలబడి, నా వైపు తిరిగి ఒక్కటే అడిగాడు: "నీకు తెలుసునా ఓబులేసూ?" తెలుసునన్నాను. అబద్ధం చెప్పే ధైర్యం కూడా లేకపోయింది.

మరుసటిరోజు ఖాదర్ సాబే ఒక బేల్దారిని, నన్ను వెంటబెట్టుకుని జమ్మలమడుగు పోయాడు. గోడ తవ్వితే లోపల బాత్‌రూము పైపు జాయింటు సన్నగా కారుతోంది. దాన్ని సరిచేయడానికి పూట కూడా పట్టలేదు. తవ్విన మన్నూ రాళ్లూ గంపతో ఎత్తి వీధి చివర దాకా మోయడం మాత్రం నాకు అప్పజెప్పాడు. వాకిట్లో మంచం మీద కూర్చుని, గంప నిండలేదని రెండుసార్లు వెనక్కి పంపాడు. ఏసురత్నం భార్య నాకు మజ్జిగ ఇచ్చింది. ఆ గ్లాసు అందుకున్నప్పుడు పడిన సిగ్గు గంప మోసినప్పుడు కూడా పడలేదు.

అప్పటినుంచి లోపాన్ని కప్పిపెట్టమని ఎవరికీ చెప్పలేదు. కానీ అడగని లోపాన్ని నా అంతట నేను చెప్పేవాణ్ని కూడా కాదు. అది నిజాయితీయే అనుకున్నాను. కాదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. అప్పటికి ఖాదర్ సాబు లేడు, కొత్త రాష్ట్రం వచ్చేసింది, నా తల నెరిసింది. ఆ తెలివి పులివెందులలో వచ్చింది.

గంగులయ్య ముస్తాబులు

గంగులయ్య ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు. పులివెందులలో, వేంపల్లె పోయే దారికి దగ్గరగా ఆయన ఇల్లు. ఆయనతో పనిచేసిన డ్రైవర్లు నలుగురు ప్రొద్దుటూరులో స్థిరపడ్డారు. వాళ్లలో ఒకాయన మూడో అంతస్తులో ఫ్లాటు కొన్నాడు. గంగులయ్య చూడడానికి వెళ్లి, అక్కడి లిఫ్టులో ఆరుసార్లు పైకీ కిందికీ తిరిగి, తనకూ అదే భవనంలో ఫ్లాటు కావాలని నిశ్చయించుకుని వచ్చాడు. "గేరు లేదు, క్లచ్చు లేదు, మీట నొక్కితే పోతాదప్పా" అని నాకు చేతులు తిప్పి చెప్పాడు. పులివెందుల ఇల్లు అమ్మిపెట్టమన్నాడు.

ఇల్లు మంచిదే. మొదటి పార్టీ వచ్చి, హాలు పాతకాలంగా ఉందన్నారు. వారం తిరిగేసరికి గంగులయ్య హాలుకు కొత్త సీలింగు దించాడు. దాంతో ఫ్యాను కూడా కిందికి దిగింది. రెండో పార్టీ ఆరడుగుల మనిషి. సోఫాలోంచి లేచి, ఫ్యాను వైపు చూసి, మళ్లీ కూర్చున్నాడు. బయటికి పోయేటప్పుడు, ముందర లుక్కు లేదన్నాడు. గంగులయ్య ఇంటి ముందు రెండు లావాటి స్తంభాలు, వాటి మీద తీగెలూ నెమళ్లూ ఉన్న చూరు కట్టించాడు. ముందు గదిలో పట్టపగలే లైటు వేయాల్సి వచ్చింది. మూడో పార్టీ, ఇల్లు కొంచెం ఉక్కగా ఉందన్నారు.

ఆ తర్వాత పది రోజులకు నేను వెళ్లేసరికి హాల్లో జలపాతం ఉంది.

నేను వేళాకోళం చేయడం లేదు. మెట్ల కింద మూలలో సిమెంటుతో కొండలు పోశాడు. వెనకాల మోటారు. స్విచ్చి వేస్తే పిండి మర లాంటి చప్పుడుతో నీళ్లు పైకెక్కి కిందికి జారుతాయి. గండికోటకు పోయే దారిలో ఏదో హోటల్లో చూశాడట. "ఎట్లుండాది?" అని నన్ను అడిగాడు.

ఇక్కడే బ్రోకరన్నవాడు నోరు తెరవాలి. "దీన్ని చూసి ఎవరూ ఇల్లు కొనరు గంగులయ్యా, ఈ దుడ్లతో ఒక మంచి బాత్‌రూము అయ్యేది" అని చెప్పాలి. నేను చెప్పలేదు. పైగా, ఇప్పుడు దాచి ఏం లాభం, "వెనకాల నీలం బల్బు పెడితే ఇంకా బాగుంటాది" అన్నాను. పెట్టించాడు. అమ్మకం ప్రకటనలో నేనే "హాల్లో జలపాతం కలదు" అని రాయించాను.

తర్వాత వచ్చినవాళ్లందరూ జలపాతాన్ని ఫోటో తీసుకున్నారు. ఇల్లు మాత్రం కొనలేదు. అందరూ గేటు దగ్గర ఒకే మాట: "ఫోన్ చేస్తామప్పా." ఎనిమిది నెలలు గడిచాయి.

పెరట్లో జరుగుతున్నది

ఒకరోజు పార్టీలోని మగవాళ్లను గేటు దాకా సాగనంపి, మరిచిపోయిన హెల్మెట్ కోసం నేను వెనక్కి వచ్చాను. పెరట్లోంచి మాటలు వినిపించాయి. గంగులయ్య భార్య రామసుబ్బమ్మ, ఇంకా బయలుదేరని కొనేవాళ్ల ఆడమనిషితో చెబుతోంది.

"వానొస్తే వంటింటి మూల తడుస్తాదమ్మా. ముందుగదికి పగలే లైటు కావాల. ఆ హాల్లో నీళ్ల యవ్వారం ఉండాది సూడు, దానికి వచ్చే దోమలు అన్నీ ఇన్నీ కాదు."

వచ్చినావిడ కొంగు సర్దుకుని, నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. నేరుగా పెరట్లోకి పోయాను. రామసుబ్బమ్మ పెద్ద పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఓళిగలు, కోస్తావాళ్లు బొబ్బట్లనేవి, కాలుస్తోంది. పక్కన ఇద్దరు ఆడవాళ్లు పూర్ణం ఉండలు చేస్తున్నారు.

"ఏందక్కా, ఇన్ని నెల్లు వచ్చినోళ్లందరికీ ఇదే చెప్తాండావా?"

"అడిగినోళ్లకు చెప్తాండా."

"అడగనోళ్లకు?"

"వాళ్లకూ చెప్తాండా." ఓళిగ తిరగేసింది. "అబద్ధం ఏమన్నా చెప్పితినా అన్నా?"

లేదు. ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. నేను హెల్మెట్ తీసుకుని బయటపడ్డాను. ఆమెను బేరం చెడగొట్టే మనిషిగా లెక్కేసి, ఇకపై పార్టీలు వచ్చేటప్పుడు ఆమెను గుడికో గోపురానికో పంపించమని గంగులయ్యకు చెప్పాను. ఆయన మరుసటి శనివారం ఆమెను గండి ఆంజనేయస్వామి దగ్గరికి బస్సెక్కించాడు కూడా.

ఆ శనివారం వచ్చింది నూర్జహాన్. వేంపల్లెలో కుట్టుపని చేసే మనిషి, భర్త కువైట్‌లో డ్రైవరు. గేటు దగ్గరే ఆగింది.

"ముందు కాగితాలు సూపియండన్నా. ఇల్లు యాడికీ పోదు, తర్వాత సూస్తా."

గంగులయ్య ఇనప్పెట్టెలోంచి ఫైలు తెచ్చాడు. నూర్జహాన్ నిదానంగా చదివి, వేలు ఒకచోట ఆనించి అడిగింది: "ఈ రామసుబ్బమ్మ ఎవరు?"

స్థలం రామసుబ్బమ్మకు ఆమె తండ్రి రాసిచ్చాడు. ఇల్లు ఆమె పేరు మీద ఉంది. పన్ను ఆమె పేరు మీద ఉంది. ఎనిమిది నెలలు నేను ఇంటి ఓనరు కాని మనిషితో ఇంటి బేరం చేశాను. కొత్తగా చేరినవాడు కూడా మొదటిరోజు చూడాల్సిన కాగితాన్ని, ముసలి బ్రోకరునైన నేను తెరిచి చూడలేదు.

"నా పేరైతేనేం, ఆమె పేరైతేనేం?" అన్నాడు గంగులయ్య.

"ఆమె యాడ?" అంది నూర్జహాన్.

గంగులయ్య నన్ను చూశాడు. నేను స్తంభం మీది నెమలిని చూశాను.

"ఆమె ఉన్నప్పుడే వస్తా" అని నూర్జహాన్ ఆటో ఎక్కింది. "నెల దాకా ఇంకో ఇల్లు సూడను. మీరు మీరు మాట్లాడుకోండి."

పొయ్యి యాడ పెట్టుకోవాల?

సాయంత్రం రామసుబ్బమ్మ గండి నుంచి వచ్చి ప్రసాదం పెట్టింది. అది తిన్నాక, ఎనిమిది నెలలు ఆలస్యంగా, నేను అడిగాను.

"అక్కా, నీకు ఈ ఇల్లు అమ్మడం ఇష్టమేనా?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని గుమ్మంలో కూర్చుంది.

"అమ్మద్దని నేను ఎప్పుడంటి? మూడో అంతస్తులో నా పొయ్యి యాడ పెట్టుకోవాల, అది చెప్పండి."

"గ్యాసు పొయ్యి ఉంటాది గదమే" అన్నాడు గంగులయ్య.

"పెండ్లికి ఆరువందల ఓళిగలు గ్యాసు మీద నువ్వు కాలుస్తావా? పూర్ణం రుబ్బే రాయి లిఫ్టులో తీసకపోతావా? నువ్వు బస్సు దిగినాక ఇంట్లో కూర్చుంటివి. నేను ఇంగా దిగలేదయ్యా. నాతో ఇద్దరు ఆడోళ్లు బతుకుతాండారు. వాళ్లకు ఏమని చెప్పాల?"

గంగులయ్య ముఖం చూస్తే తెలిసిపోయింది. ఇన్నేళ్లూ పెరట్లో జరిగేది ఆయనకు వంటే. భార్యకు అది పని అని ఆ సాయంత్రమే అర్థమైంది. ఆయన చెడ్డవాడు కాదు. సగం జీవితం రోడ్డు మీద ఉన్న మనిషి, ఇంటికి రాత్రిపూట మాత్రమే వచ్చేవాడు. కాలి బొటనవేలు చూసుకుంటూ, "ప్రొద్దుటూరులోనే కింద ఇల్లు, పెరడుండేది సూడు ఓబులేసూ" అన్నాడు. ఆ లిఫ్టు మాట మళ్లీ ఎత్తలేదు. ఆ మాట వదులుకోవడం ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు.

ప్రొద్దుటూరులో మూడు ఇళ్లు చూపించాను. ఈసారి గంగులయ్యను బయట కూర్చోబెట్టి రామసుబ్బమ్మతో తిరిగాను. మూడో ఇంట్లో ఆమె గదులు చూడకుండా పెరట్లోకి పోయింది. కొంగు చివర గాలికి వదిలి, పొగ ఎటు పోతుందో అంచనా కట్టింది. తర్వాత పక్కింటి గోడ మీంచి పిలిచి, "పొగ వస్తే తిడతావామ్మా?" అని అడిగింది.

"ఏం కాలుస్తావు?" అంది పక్కింటామె.

"ఓళిగలు."

"నాకు పెడితే తిట్టను."

ఆ ఇల్లు ఖాయమైంది. పని చేసే ఇద్దరిలో ఒకామె బస్సులో వస్తానంది. రెండో ఆమె పిల్లల బడి వదిలి రాలేనని ఏడ్చింది. రామసుబ్బమ్మ ఆమెకు పులివెందుల పెండ్లిళ్ల బేరాలు అప్పజెప్పింది. అందరికీ అంతా బాగైందని రాయలేను, కానీ రామసుబ్బమ్మ ఎవరినీ మాట చెప్పకుండా వదిలేయలేదు.

ఇల్లు చూపించినరోజు

నెల లోపల పులివెందుల ఇంటికి మేం చేసిన బాగు ఏమిటంటే, చేసినవన్నీ తీసేయడం. సీలింగు ఊడదీస్తే ఫ్యాను తన చోటికి తాను పోయింది. జలపాతం పగలగొట్టేటప్పుడు గంగులయ్య వీధిలోకి పోయి నిలబడ్డాడు. స్తంభాలు మాత్రం కదల్లేదు, నెమళ్లతో సహా ఇప్పటికీ ఉన్నాయి. వంటింటి మూల తడవడానికి కారణం మిద్దె మీది తూములో ఎప్పుడో గడ్డకట్టిన సిమెంటు. అరగంట పని. ఇన్నేళ్లు ఆ మూలలో గిన్నె పెట్టుకున్నారు.

నూర్జహాన్ వచ్చింది. నేను నోరు మూసుకున్నాను. రామసుబ్బమ్మే తిప్పి చూపించింది.

"ఈ మూల తడుస్తాన్నింది. బాగు చేపిచ్చినాం. అయినా మొదటి వానకు ఒకసారి సూసుకో. ముందుగది చీకటి, మా ఆయన చలవ. వెనక గదికి పొద్దున నుంచి సాయంత్రం దాకా వెలుతురుంటాది. మిషను ఆడ ఏసుకో. బోరు నీళ్లు ఎండాకాలం ఒక నెల తగ్గుతాయి, ఎండవు."

నూర్జహాన్ వెనక గదిలో కిటికీ దగ్గర నిలబడి, జాకెట్టు గుడ్డ ఒకటి సంచిలోంచి తీసి, వెలుతురులో దారం రంగు సరిచూసుకుంది. తర్వాత భర్తకు వీడియో కాల్ చేసి ఇల్లంతా తిప్పింది. ఆయన అంతా చూసి, "జలపాతం ఉండాదన్నారే, యాడ?" అని అడిగాడు. గంగులయ్య ముఖం వెలిగింది. నూర్జహాన్ ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, "ఇప్పుడు లేదు, దేవుని దయ" అంది.

ఎందుకు ఒప్పుకున్నావమ్మా అని తర్వాత నేను అడిగాను. "అన్ని ఇండ్లల్లో అంతా బాగుండాదనే చెప్పిరన్నా. ఈమె బాగలేనిది చెప్పె. అట్లాంటప్పుడు బాగుండాదని చెప్పింది గూడా నిజమే అయ్యింటాది గదా."

కొత్తగా వచ్చేవాళ్లకు ఇంతకంటే పెద్ద పాఠం నా దగ్గర లేదు. లోపం చెబితే బేరం పోతుందని మనకు భయం. పోయే బేరం పోతుంది, నిజమే. ఇంతకుముందు వచ్చినవాళ్లు పారిపోయింది కూడా అందుకే. కానీ వాళ్లకు లోపం పెరట్లో రహస్యంగా తెలిసింది, హాల్లో మేం బల్బు వెలిగించి చూపిస్తుండగా. ఆ రెండూ కలిస్తే ఎవరికైనా అనుమానమే వస్తుంది. అదే లోపాన్ని ఇంటివాళ్లే ముందు నిలబడి, బాగుచేసింది ఏదో చేయనిది ఏదో చెబితే, వినేవాడు ఇంటితోపాటు మనిషిని కూడా నమ్ముతాడు.

రిజిస్ట్రేషన్ రోజున ఆఫీసు కిటకిటలాడుతోంది. ఉక్క. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆఫీసరు తల ఎత్తకుండా, రోజుకు నలభైసార్లు అడిగే మాట రామసుబ్బమ్మనూ అడిగాడు.

"మీ ఇష్టంతోనే అమ్ముతున్నారామ్మా?"

అందరూ ఊఁ అంటారు. ఆమె ఊఁ అనలేదు. గంగులయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నూర్జహాన్ మాత్రం కదలకుండా చూస్తోంది.

"పోయినేడు అడిగింటే లేదని చెప్పిందును సార్" అంది రామసుబ్బమ్మ, బాగా ఆలోచించి. "అప్పుడు ఎవరూ అడగల్యా. ఈ పొద్దయితే ఇష్టమే."

ఆఫీసరు మొదటిసారి తలెత్తాడు. ఆమెను, ఆమె వెనకాల నేల చూస్తున్న మా ఇద్దరు మగవాళ్లను చూశాడు.

"ఈ పొద్దు చాలమ్మా" అని, వేలిముద్ర యంత్రం ఆమె వైపు జరిపాడు.